గొట్టంలోంచి పోయిన మెత్తదనం

మా ఫ్యాక్టరీ మిక్సింగ్ గదిలో డ్రమ్ముల నిండా ఉండే ద్రవాన్ని కొత్తగా చూసినవాళ్లు వంటనూనె అనుకుంటారు. తేటగా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య రాస్తే జారుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప వాసన తెలియదు. ఆరదు కూడా. నేల మీద ఒలికిన చుక్క తుడవకపోతే రోజుల తరబడి అక్కడే మెరుస్తూ ఉంటుంది. థాలేట్ ఎస్టర్లు అనే రసాయనాల జాతికి చెందిన సరుకు అది. మేము డీవోపీ అంటాం. పీవీసీ పొడిని ఒట్టిగా కరిగించి పోస్తే కర్రలాంటి గట్టి పైపు వస్తుంది. దానికి డీవోపీ పట్టించి వేడి చేస్తే మెత్తగా వంగే గొట్టం వస్తుంది. తోటల్లో నీళ్లు పెట్టే ఆకుపచ్చ గొట్టాలు అలాగే తయారవుతాయి. పాల్వంచ దగ్గర అలాంటి గొట్టాలు చేసే చిన్న యూనిట్‌లో నేను నాణ్యత చూసే ఉద్యోగిని. ప్లాస్టిక్స్ టెక్నాలజీలో డిప్లొమా చేశాను.

ఆ గదిలో పాటించాల్సినవి నాకు నిద్రలో లేపి అడిగినా వరుసగా వస్తాయి. మామూలు రబ్బరు గ్లవ్స్ పనికిరావు, నైట్రైల్‌వి వేసుకోవాలి. చేతికి అంటితే సబ్బుతో కడగాలి, వట్టి నీళ్లతో పోదు. ఒలికితే ఇసుకో రంపపు పొట్టో చల్లి, ఎత్తి, మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి. కాలువలోకి కడిగెయ్యకూడదు. డీవోపీ తేలిగ్గా అంటుకోదు, అయినా నిప్పు దగ్గరికి తీసుకురాకూడదు. మిక్సర్ వేడి మీద ఉన్నప్పుడు సన్నటి పొగ లేస్తుంది కాబట్టి, ఫ్యాన్ తిరగకుండా మూత తియ్యకూడదు. టీ గ్లాసు, అన్నం డబ్బా ఆ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. గర్భిణులను ఆ గదిలో పనికి పెట్టకూడదు.

ఈ చివరి రెండింటికీ కారణం చెప్పాలి. అది మనిషిని అప్పటికప్పుడు పడగొట్టే విషం కాదు. ఒంట్లో హార్మోన్ల పనిని తారుమారు చేస్తుందని, కడుపులో ఉన్న బిడ్డల ఎదుగుదలకు హాని చేస్తుందని జంతువుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. అందుకే దూరంగా పెడతాం. వెంటనే ఏమీ కనిపించదు కాబట్టి, దూరంగా పెట్టమని ఎదుటివాళ్లను ఒప్పించడం కష్టం. ఎంత కష్టమో మా మేనమామ నేర్పాడు.

మామకు పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లో నూనె మిల్లు ఉంది. ఒకటే గది, గింజలు పిండి నూనె తీసే మిషన్, ఎక్స్‌పెల్లర్, ఒకటే. వేసవిలో నువ్వులు, వేరుశనగ ఆడతాడు. వానలు మొదలయ్యాక ఇప్ప పలుకులు, అంటే ఇప్పకాయల్లోని గింజలు వస్తాయి. చుట్టుపక్కల గూడేలకు ఏడాదికి సరిపడా వంటనూనె ఆ కొద్దివారాల్లోనే పడుతుంది. మామకు కూడా మిల్లు నడిచేదీ నిలిచేదీ ఆ సీజన్ మీదే.

ఒక మధ్యాహ్నం మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రమ్మని కబురొచ్చింది. వెళ్లేసరికి మామ, భుజాన చుట్టగా వంగనని మొరాయిస్తున్న ఆకుపచ్చ గొట్టంతో నిలబడి ఉన్నాడు. బస్సులో ఎవరికో తగిలిందట, తిట్లు తిన్నాడట. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

"ఏందిరా అల్లుడా, మీరు గొట్టాలు అమ్ముతున్నరా, కట్టెలు అమ్ముతున్నరా?"

"ఏమైంది మామా?"

"ఏమైందా? మణుగూరు దుకాణంల మీ కంపెనీ పేరు సూసి, మా అల్లుడు పనిచేసే కంపెనీ అని గొప్పకు పోయి కొన్న. కొన్ననాడు పిల్లి తోక లెక్క ఆడింది. ఇప్పుడు సూడు." గొట్టంతో గేటు ఊచను కొట్టాడు. టక్కుమంది. సెక్యూరిటీ ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఎండలో వదిలేశాడేమో అనుకున్నాను. ఎండకు గొట్టాలు గట్టిపడతాయి. అదే అడిగాను.

"మిల్లుల ఎండెక్కడిదిరా? దాని బతుకంత నీడనే. మార్చియ్యి."

మా గొట్టం మీద మీటరు మీటరుకూ తెల్లటి గీత పడుతుంది. జేబులోంచి టేపు తీసి రెండు గీతల మధ్య కొలిచాను. మీటరు లేదు. పక్క గీతల మధ్య కొలిచాను. అక్కడా లేదు.

"గొట్టం కురచైంది మామా."

"కురచైతదా? నేనేమన్నా దాన్ని ఉతికి ఆరేసిన్నా?"

"ఇంతకూ దీన్ని దేనికి వాడుతున్నవ్?"

"దేనికేంది? నూనెకు."

నేను టేపు మూసి జేబులో పెట్టుకున్నాను. డీవోపీకి ఉన్న రెండు గుణాలు నాకు బాగా తెలుసు. ఒకటి, అది పీవీసీతో గట్టిగా కట్టుబడి ఉండదు. తడి ఇసుకలో నీళ్లున్నట్టు మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. రెండు, అది నీళ్లలో కరగదు కానీ నూనెలో హాయిగా కరుగుతుంది. నూనె వేడిగా ఉంటే ఇంకా తొందరగా కరుగుతుంది. ఎక్స్‌పెల్లర్ నుంచి వచ్చే నూనె వేడిగానే వస్తుంది.

"ఇంతకుముందు గొట్టం కూడా గిట్లనే అయిందా?"

"అవ్. ఏడాదికొకటి. గట్టిపడితే వేడినీళ్లల్ల ముంచి కొన్ని దినాలు నడిపిస్త. అయినా మీ కంపెనీది మంచిగుంటదనుకున్న."

మార్చి ఇవ్వనని చెప్పాను. ఆదివారం నేనే వస్తానని, అప్పటిదాకా మిల్లులో గొట్టం తగిలించవద్దని చెప్పాను. మామ నా వైపు పరాయివాణ్ని చూసినట్టు చూసి, గొట్టాన్ని మళ్లీ భుజాన వేసుకుని బస్టాండుకు నడిచాడు.

ఆదివారం వెళ్లేసరికి, పోయినేడు కొన్న చుట్టలో వాడకుండా అటక మీద పెట్టిన ముక్కలోంచే కొంత కోసి తగిలించాడు. కొత్తది, మెత్తగా ఉంది. ఆ రోజు నువ్వులు ఆడుతున్నారు. మిల్లుకు గొట్టం ఎందుకు కావాలో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు, ఆ రోజు కూర్చుని చూశాను.

అక్కడ ఎవరి గింజలు వాళ్లవే, ఎవరి నూనె వాళ్లదే. కలిపి ఆడి పంచుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. పొయ్యిమీద వేయించిన తీరును బట్టి ఒక్కో ఇంటి నూనెకు ఒక్కో రుచి అంటారు. ఒకరు తెచ్చేది పొడవాటి డబ్బా, ఇంకొకరు తెచ్చేది వెడల్పు గిన్నె. అరుగు మీద వరుసగా కూర్చుని, పాత్రను మోకాళ్ల మధ్య పెట్టుకుంటారు. గొట్టం ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు జరుగుతుంది. వంతు అయిపోయాక ఆ ఇంటి ఆడమనిషి లేచి, గొట్టాన్ని మిషన్ మూతి నుంచి పాత్ర దాకా రెండు చేతులతో పిండుకుంటూ వస్తుంది, ఆవు పొదుగు పిండినట్టు. లోపల మిగిలిన నూనె తనది, పక్కింటికి పోకూడదు. మెత్తటి గొట్టమైతేనే అలా పిండటం కుదురుతుంది. గట్టిపడిన గొట్టం లోపల ఎంత మిగిలిందో తెలియదు, తగాదాలు మొదలవుతాయి. మామ పాల్వంచ దాకా బస్సులో రావడానికి అసలు కారణం అది.

భోజనాలప్పుడు విషయం చెప్పాను. మామ వినలేదు. వినలేదంటే, విన్నాడు, నమ్మలేదు.

"గొట్టంల మందుంటే చేతికి అంటాలె గదా? వాసన రావాలె గదా?"

అప్పుడు మిల్లులోని కాటా గుర్తొచ్చింది. అది ఊళ్లో అందరూ నమ్మే కాటా. దాని మీద మామకున్న నమ్మకం నా డిప్లొమా మీద లేదు. గట్టిపడిన గొట్టాన్ని లోపలా బయటా సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఒక తెల్లగీత నుంచి ఇంకో తెల్లగీత దాకా కోశాను. అటక మీది ముక్కలో మిగిలినదాన్ని కూడా గీత నుంచి గీత దాకా కోశాను. రెండూ ఒకే చుట్టలోవి, ఫ్యాక్టరీలో ఒకే తూకంతో పుట్టినవి. కాటా మీద మామనే పెట్టమన్నాను.

వాడిన ముక్క తేలికగా ఉంది. ముక్కలు అటు ఇటు మార్చి మళ్లీ తూచాడు. కాటాను తట్టి మళ్లీ తూచాడు.

"ఇది కొంత నూనెను పీల్చుకుని కూడా ఉంటది మామా. అయినా తూకం తగ్గింది. తగ్గింది ఎటు పోయినట్టు?"

ఈసారి జవాబు అత్త చెప్పింది. మా మామ కోడలు పురిటికి వెళ్లి, అప్పుడే నెలల బిడ్డతో తిరిగొచ్చింది. అత్త చేతిలో ఆ పిల్ల ఉంది.

"పసిపిల్లకు గీ నూనెనే గదరా రాస్తున్నం."

"అత్తా, ఏదో అయిపోతదని చెప్పట్లే. కానీ మా ఫ్యాక్టరీల దాన్ని ముట్టుకోవాలంటే గ్లవ్స్ వేసుకుంటం. అదే ఇక్కడ అన్నంల కలుపుకుంటున్నం."

"ఎవరికన్నా ఏమన్నా అయిందా గిన్నేండ్లల్ల?" అన్నాడు మామ.

"అయిందో లేదో నేను చెప్పలేను మామా, నువ్వూ చెప్పలేవు. తీసేస్తే ఆ మాటే అవసరం రాదు."

"తీసేసి? దోసిళ్లు పట్టి పొయ్యాల్నా? ఇగ విను. గొట్టంల మందుంది అన్న మాట అరుగు మీద పడ్డదంటే, ఈసారి ఇప్ప పలుకులు అవతలి ఊరి మిల్లుకు పోతయ్. నేను తాళం ఏసుకోవుడే." గొంతు తగ్గించాడు. "వానలు పడేలోపు గొట్టం లెక్క పనిచేసేది ఇంకోటి తెచ్చి పెట్టు. తీసేస్త. తేలేదనుకో, కొత్త గొట్టమే తగిలిస్త. మళ్ల నన్ను అడగొద్దు."

అత్త ఏ గడువూ పెట్టుకోలేదు. "మీ మామ లెక్క మీ మామది. మా ఇంటి నూనె మాత్రం నేను మిషన్ మూతికాడనే గిన్నె పెట్టి పట్టుకుంట," అంది.

వానలకు ఇంకా సమయం ఉంది. తిరుగు బస్సులో దారులన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. పాలకు, తాగునీళ్లకు పనికొస్తాయని అమ్మే గొట్టాలు ఉన్నాయి. వేడి నూనెకు కూడా పనికొస్తాయని వాటి మీద రాసి ఉంటే తప్ప నేను నమ్మను, అలా రాసినవి మా చుట్టుపక్కల దుకాణాల్లో దొరకవు. సిలికాన్ గొట్టం మామ కొనడు. కొన్నా, చిరిగిననాడు మళ్లీ మణుగూరు దుకాణానికే పోతాడు. మిగిలింది స్టీలు. స్టీలులో కరిగి నూనెలోకి దిగేదేమీ లేదు.

ముందు స్టీలు పైపు చేయించి మిల్లులో బిగించాను, చివర ఒక వంపుతో. ఆ రోజు వరుసలో మొదట ఉన్నది, అడవి అంచు గూడెం నుంచి వచ్చే ఒక అవ్వ. మామ వాళ్ల నాన్న కాలం నుంచి ఆ మిల్లుకు వస్తున్న మనిషి. ఆమె నువ్వుల నూనె పట్టుకుంది, అయిపోయింది. పిండుదామని లేచింది, పిండటానికి ఏమీ లేదు. వేలితో పైపును కొట్టి చెవి పెట్టింది.

"లోపల ఉన్నది ఎవరిదిరా?"

"నీదే అవ్వా. జరంత ఉంటదేమో."

"నాదైతే నాకియ్యి. గీ పైపు ఎందుకు తాగాలె? ఇదేమన్నా నా అల్లుడా?"

వెనక ఉన్నాయన అన్నాడు: "పోనీయ్ అవ్వా, అది నా గిన్నెల పడితే నీకే పుణ్యం."

"నీ పుణ్యం మీ ఇంటామెకు పెట్టు. నా నూనె నాకు పెట్టు."

అరుగంతా నవ్వింది. మామ నవ్వలేదు. ఆ సాయంత్రమే పైపు ఊడదీసి నా చేతిలో పెట్టి, గొట్టం తగిలించాడు.

ఆ పైపు వెంట తెచ్చుకుని, నా గదిలో బల్ల మీద పెట్టుకుని చూశాను. అవ్వ అడిగినదానిలో తప్పేమీ లేదు. లోపల ఎంత మిగిలిందో కనపడకపోవడమే లోపం. పైపు మూసి ఉండాల్సిన అవసరం ఏముంది? నూనె కిందికి జారడానికి తెరిచిన దోనె చాలు. పొలాల్లో నీళ్లు పారడానికి తాటిమొద్దు తొలిచి పెట్టే దోనెలాంటిదే, సన్నగా, స్టీలు రేకుతో. తెరిచి ఉంటే కనపడుతుంది. కనపడితే తుడుచుకోవచ్చు.

పాల్వంచలో టిఫిన్ సెంటర్లకు స్టీలు బల్లలు చేసే వెల్డర్ దగ్గరికి వెళ్లాను. మొదటిసారి అడుగున రెండు మూలలతో మడిచాడు. మూలల్లో నూనె ఆగుతుంది, వెనక్కి ఇచ్చేశాను. రెండోసారి అడుగు గుండ్రంగా వచ్చింది కానీ అంచు పదునుగా ఉంది, వేలు పెట్టి తుడిస్తే తెగుతుంది. మళ్లీ ఇచ్చాను.

"అన్నా, నూనె దోనెనా, పెండ్లిపిల్లకు వడ్డాణమా?" అన్నాడు.

"వడ్డాణమైతే ఇంత కష్టపెట్టేవాణ్ని కాదు. అంచు మడువు."

మడిచాడు. ఇంకో చిక్కు ఉంది: పొడవు డబ్బాకూ వెడల్పు గిన్నెకూ ఒకే ఎత్తు కుదరదు. దోనె పై కొసను మిషన్ మూతి కింద మేకు మీద తిరిగేలా బిగించడానికి, కింది కొసను గొలుసుతో వేలాడదీయడానికి ఏర్పాటు చేశాను. గొలుసును ఒక కొక్కెం పైకో కిందికో తగిలిస్తే దోనె లేస్తుంది, దిగుతుంది, పక్కకూ తిరుగుతుంది. ఎంత దింపినా, ఎంత లేపినా నూనె ఆగకుండా జారేంత వాలు ఉండేట్టు పొడవు తగ్గించాను. నా బల్ల మీదే వేడినూనె పోసి చూసుకున్నాను. ఈసారి అరుగు మీద ఎవరూ నన్ను ప్రశ్న అడగకూడదనుకున్నాను.

దోనె పట్టుకుని ఊరికి వెళ్లేనాటికి మొదటి వానలు పడ్డాయి. గోడ మేకుకు కొత్త గొట్టం చుట్ట వేలాడుతూ ఉంది. మామ మాట ప్రకారం తెచ్చిపెట్టుకున్నాడు. నేను దోనె బిగిస్తుంటే అడ్డు రాలేదు, చుట్టను మాత్రం మేకు మీంచి తియ్యలేదు. అరుగు మీద ఇప్ప పలుకుల సంచులు అప్పుడే వరుసలో ఉన్నాయి. మొదటి సంచి మళ్లీ ఆ అవ్వదే.

మిషన్ తిరిగింది. నూనె పసుపుపచ్చగా దోనెలోంచి సన్నటి ధారగా జారి అవ్వ డబ్బాలో పడసాగింది. ఆమె ధారను చూసింది, దోనెను చూసింది, గోడ మీది కొత్త గొట్టాన్ని చూసింది.

"కొత్త గొట్టం ఉండంగ గీ రేకు ఎందుకు పెట్టినవయ్యా?" అని మామనే అడిగింది. అరుగు మీద అందరూ ఉన్నారు.

నేను నోరు తెరిచాను. మామ చెయ్యెత్తి నన్ను ఆపాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"గొట్టంల ఒక మందుంటదట అవ్వా, మెత్తగ ఉంచేటందుకు. అది నూనెల దిగుతదట. నా అల్లుడు చెప్పిండు, నేను నమ్మలే. నా కాటా మీదనే తూచి సూపెట్టిండు. గందుకే తీసేసిన."

మిషన్ చప్పుడు మధ్యనే ప్రశ్నలు వరుసగా వచ్చాయి. ఏం మందు, తింటే ఏమైతది, పోయినేటి నూనె సంగతేంది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవని చెప్పాను. పాత నూనె మిగిలి ఉంటే కడుపుతో ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు వాడవద్దని చెప్పాను. ఒకాయన లేచి, తన సంచి భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా దిగి వెళ్లిపోయాడు. అవతలి ఊరి దారి పట్టాడు. మామ చూపు ఆయన వీపు మీదే చాలాసేపు ఉంది.

అవ్వ వంతు అయిపోయింది. ఆమె గొలుసు పట్టుకుని దోనెను ఇంకొంచెం వంచింది. ధార చుక్కలైంది. అప్పుడు తన మూటలోని జొన్నన్నం గిన్నె తీసి, ఒక ముద్ద చేసి, దోనెను పైనుంచి కిందికి ఆ ముద్దతో తుడిచింది, నెయ్యి కాచిన గిన్నెలో అన్నం కలిపి తుడిచినట్టు. సగం తన నోట్లో పెట్టుకుంది. సగం నా చేతిలో పెట్టింది.

"తిను. గొట్టం తాగే వాటా ఈసారి నీది."

తిన్నాను. వేడిగా, కొద్దిగా చేదుగా ఉంది. వెనకున్న ఆమె అప్పుడే తన అన్నం మూట విప్పుకుంటోంది. మిగిలిన సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

సాయంత్రం మిషన్ ఆపాక మామ అరుగు మీద కూర్చున్నాడు. "ఒక్కడు పోయిండు," అన్నాడు.

"అవ్."

"ఆ మిల్లుల ఏముందో ఎరికేనా? గీ ఆకుపచ్చ గొట్టమే. ఇద్దరం ఒక్క దుకాణంల కొంటం."

నాకు తెలుసు. దోనె కొలతలు రాసిన కాగితం జేబులోనే ఉంది. రెండోది చేయించమని వెల్డర్‌కు చెప్పే వచ్చాను, కానీ మామకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. పోటీ మిల్లు అది. పెళ్లిళ్లలో కూడా ఇద్దరూ మాట్లాడుకోరు.

మామ లేచి లోపలికి వెళ్లాడు. బయటికి వచ్చేటప్పుడు చేతిలో రెండు గొట్టం ముక్కలున్నాయి, గీత నుంచి గీత దాకా కోసినవి, ఒకటి మెత్తగా వేలాడుతూ, ఒకటి కట్టెలా.

"రేపు పోయేటప్పుడు ఆడ దిగు. నా పేరు చెప్పకు, లోపలికి రానియ్యడు. గీ ముక్కలు తీస్కపో. నీ మాట వాడు నమ్మడు. వాడి కాటా వాడికి ఉంది గదా, దాని మీద పెట్టి సూసుకోమను."